జీన్ బాగుంది, స్విచ్ దగ్గర తేడా అంటే ఏమిటి? మా ఇంట్లో ముగ్గురికి ప్లేట్‌లెట్లు తక్కువ

చంద్రగిరి_కోటదారి
అక్క జెనెటిక్ రిపోర్టు నిన్న చేతికొచ్చింది. నాలుగు పేజీలు. రెండుసార్లు చదివినా తలకెక్కలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ముందు ఇంటి సంగతి. అమ్మకు ప్లేట్‌లెట్లు ఎప్పుడు చూసినా 40 నుంచి 60 వేలు. మేనమామకు 70 వేలు. అక్కకు 55 వేలు. నాకు మాత్రం 2 లక్షల 30 వేలు. అమ్మకు 2009లో ఒక ఆస్పత్రిలో ఐటీపీ అన్నారు, అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను తినేస్తోందని. ఏడాదిన్నర స్టెరాయిడ్లు మింగించారు. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, కౌంట్ మాత్రం కదల్లేదు. తర్వాత ప్లీహం తీసేశారు. అప్పటికీ కదల్లేదు. ఈ ఏడాది అక్కకు కూడా అదే మందు రాసిచ్చారు. అదృష్టం కొద్దీ వేరే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మొదట అడిగిన మాట "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని. పదిహేనేళ్లలో మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

రిపోర్టులో ఏఎన్‌కేఆర్‌డీ26 అనే జీన్‌లో, ఐదు ప్రైమ్ యూటీఆర్ అనే చోట ఒక్క అక్షరం మారిందని ఉంది. "జీన్ బాగానే ఉంది, దాని స్విచ్ దగ్గర తేడా ఉంది" అన్నారు డాక్టరమ్మ. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, ఎక్కువ అడగలేకపోయాం. జీన్ బాగుంటే జబ్బెలా వచ్చింది? తెలిసినవాళ్లు కొంచెం విడమర్చి చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
మా పక్కింటాయనకు డెంగ్యూలో 18 వేలకు పడిపోయి మళ్లీ రెండు లక్షలైంది. బొప్పాయి ఆకు రసం తాగించారు. అక్కకు కూడా ఇచ్చి చూడండి, పోయేదేముంది.

పుత్తూరు_కట్టు
రేణిగుంట అన్నా, డెంగ్యూలో పడిన కౌంట్ జ్వరం తగ్గాక దానంతటదే లేస్తుంది, రసం తాగినా తాగకపోయినా. ఇక్కడ ముగ్గురికి ఏళ్ల తరబడి తక్కువ. రెండింటికీ పోలిక లేదు.

స్లైడు_మాస్టర్
జీన్ దాకా పోకముందు ఒక మాట. ఆ కౌంట్ మిషన్ ఇచ్చిందేనా, లేక స్లైడు మీద ఎవరైనా కళ్లతో చూశారా? నేను చిత్తూరులో 19 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. కొందరి రక్తం దాంట్లో పడగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడతాయి. మిషన్‌కు గుంపు ప్లేట్‌లెట్‌లా కనబడదు, లెక్కలో వదిలేస్తుంది. పోయిన ఏడాది ఒకాయన 30 వేలన్న రిపోర్టు పట్టుకుని వణికిపోతూ వచ్చాడు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో తీసి చూస్తే లక్షా 90 వేలు. ఆయనకు జబ్బే లేదు.

చంద్రగిరి_కోటదారి
చూశారు సార్. స్లైడు మీద గుంపులు లేవు, సైజు మామూలే అని రాశారు. నీలం మూత ట్యూబులోనూ 57 వేలే.

స్లైడు_మాస్టర్
అయితే కౌంట్ నిజమే. సైజు మామూలే అన్నది కూడా పెద్ద ఆధారం. వంశంలో వచ్చే తక్కువ కౌంట్లలో చాలావాటికి ప్లేట్‌లెట్లు లావుగా ఉంటాయి. ఎంవైహెచ్9 జబ్బులో, బెర్నార్డ్ సూలియర్ జబ్బులో కొన్ని ఎర్రకణమంత కనబడతాయి. సైజు మామూలుగా ఉండి ఇంట్లో తరం తరానికీ వస్తుంటే డాక్టర్లు రన్ఎక్స్1, ఈటీవీ6, ఏఎన్‌కేఆర్‌డీ26 అనే మూడు జీన్ల వైపు చూస్తారు. మీ డాక్టరమ్మ సరైన దారిలోనే పోయారు.

తిరుచానూరు_వాసి
ఇంత ఖర్చు పెట్టి జీన్ టెస్ట్ చేయించి ఏం సాధించినట్టు? జీన్‌ను మార్చలేం కదా. నాకు ఇవన్నీ ఊరికే భయపెట్టే టెస్టులు అనిపిస్తాయి.

చంద్రగిరి_కోటదారి
మా అమ్మకు ఆ టెస్ట్ 2009లో చేసి ఉంటే ప్లీహం మిగిలి ఉండేదేమో అన్నా. ఆ ఒక్క మాట నన్ను నిన్నటి నుంచీ నిద్రపోనివ్వడం లేదు.

ఏర్పేడు_పీహెచ్‌డీ
కోటదారి తమ్ముడూ, ఒక్క విషయం మనసులో పెట్టుకో. ఈ జీన్‌కూ ప్లేట్‌లెట్లకూ సంబంధం ఉందని ప్రపంచానికి తెలిసిందే 2011లో. 2009లో ఎవరు వెతికినా దొరికేది కాదు. కానీ ఇంట్లో ఎవరికుంది అని అడగడానికి జీన్ టెస్ట్ అక్కర్లేదు, నీ కోపంలో న్యాయముంది.

ఇక నీ ప్రశ్న. నేను రక్తకణాల్లో జీన్లు ఎలా పనిచేస్తాయనే దాని మీదే చదువుతున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేది ఒకే డీఎన్‌ఏ. ప్రోటీన్ చేసే జీన్లు సుమారు 20 వేలు. కంట్లోనూ అవే, కాలిగోటి కింద చర్మంలోనూ అవే. పంచాంగం అన్ని ఇళ్లలో ఒకటే ఉంటుంది, పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ముహూర్తాల పేజీ తీస్తారు, సేద్యం చేసే ఇంట్లో కార్తెల పేజీ తీస్తారు. కణాలు కూడా అంతే. ఏ కణం ఏ పేజీ తీస్తుంది, ఎప్పుడు మూస్తుంది అన్నదాన్నే జీన్ల నియంత్రణ అంటాం.

ప్లేట్‌లెట్లు స్వయంగా పుట్టవు. ఎముక మూలుగలో మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం ఉంటుంది. ప్లేట్‌లెట్లు దాని నుంచి వస్తాయని రైట్ అనే శాస్త్రవేత్త 1906లో చూపించాడు. మూలుగలో సుమారు పదివేల కణాలకు ఒకటే ఉంటుంది, కానీ ఎర్రకణం కంటే పదింతలు వెడల్పు. అది మామూలు కణాలు చేయని ఒక పని చేస్తుంది. మామూలు కణం డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుని రెండుగా చీలుతుంది. ఇది రెట్టింపు చేసుకుంటుంది, చీలదు. మళ్లీ రెట్టింపు, మళ్లీ చీలదు. మనకు ప్రతి క్రోమోజోమ్ రెండేసి ఉంటే దీంట్లో ఎక్కువగా పదహారేసి, కొన్నింట్లో అరవై నాలుగేసి ఉంటాయి. మామూలు కణంలో డీఎన్‌ఏ సాగదీస్తే రెండు మీటర్లు, ఇందులో పదహారు మీటర్లన్నమాట. ఒక్క కణం నుంచి వెయ్యికి పైగా ప్లేట్‌లెట్లు తయారు కావాలి కదా, అందుకు సరిపడా సరుకు ముందే పోగు చేసుకుంటుంది.

పోగు చేశాక మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు పొడుగాటి పోగులు బయటికి చాపుతుంది. ఆ పోగులు మూలుగలోని సన్నని రక్తనాళాల్లోకి దిగి, రక్తం తోపుడుకు తెగి ప్లేట్‌లెట్లవుతాయి. రోజుకు మన ఒంట్లో సుమారు పదివేల కోట్లు.

ఇదంతా వరస తప్పకుండా జరగాలి. ఏ జీన్‌ను చదవాలో ఏది ఆపాలో చెప్పే పెద్దమనుషులు కొందరున్నారు. గాటా1, దాని వెంట నడిచే ఫాగ్1, తర్వాత రన్ఎక్స్1, ఫ్లై1, ఎన్ఎఫ్ఈ2. ఇవి కూడా ప్రోటీన్లే. ఫాగ్1 గాటా1 చెయ్యి పట్టుకుంటుంది, మిగతావి డీఎన్‌ఏ మీద తమకు సరిపడే అక్షరాల వరస కనబడితే అక్కడ పట్టుకుని కూర్చుంటాయి. కూర్చున్న చోటును బట్టి పక్క జీన్ చదవడం మొదలవుతుంది, లేదా ఆగుతుంది.

ఏఎన్‌కేఆర్‌డీ26 జీన్‌ను మెగాకార్యోసైట్ చిన్న వయసులో చదువుతుంది. ముదిరేకొద్దీ ఆపేయాలి. జీన్ అసలు పాఠానికి ముందు ఒక పీఠిక ఉంటుంది, దాన్నే యూటీఆర్ అన్నారు మీ రిపోర్టులో. రన్ఎక్స్1, ఫ్లై1 వచ్చి ఆ పీఠిక మీద కూర్చుని "ఇక చాలు" అంటాయి. మీ అక్కకు మారిన అక్షరం సరిగ్గా ఆ కూర్చునే చోట ఉంది. అవి వస్తాయి, పట్టు దొరకదు, పోతాయి. జీన్ ఆగాల్సిన టైమ్‌లో ఆగదు. దాని ప్రోటీన్ కణంలో పోగుపడి, ఎదగమని చెప్పే సంకేతాన్ని అవసరానికి మించి పెంచుతుంది. కణం ఎదుగుతుంది కానీ పోగులు సరిగ్గా చాపలేదు. ప్లేట్‌లెట్లు తక్కువ పుడతాయి.

చంద్రగిరి_కోటదారి
ఆగండక్కా. అంటే ఏదో లేకపోవడం కాదా? ఉండకూడనిది ఉండిపోవడమా?

ఏర్పేడు_పీహెచ్‌డీ
అదే. ఆ ఒక్క వాక్యం నీకు అర్థమైతే రిపోర్టు మొత్తం అర్థమైనట్టే. అక్క జీన్ చేసే ప్రోటీన్‌లో ఒక్క లోపం లేదు. దాన్ని ఆపే చోటు పోయింది.

పాకాల_సుబ్బు
మోటరు బాగుంది, ఆఫ్ బటన్ పనిచేయడం లేదు, నీళ్లు తోటంతా పారుతున్నాయి. ఇప్పుడు నాకర్థమైంది.

రిటైర్డ్_జువాలజీ
పిల్లలూ, 31 ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పినవాడిగా స్విచ్ అనే మాటతో నాకొక పేచీ ఉంది. స్విచ్ అంటే ఉంటే ఉంది, లేకపోతే లేదు. జీన్లు అలా పనిచేయవు. ఫ్యాన్ రెగ్యులేటర్ అనండి. రన్ఎక్స్1 సంగతే తీసుకోండి. అది 21వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఒకటి చెడిపోయినా రెండోది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయినా జబ్బు వస్తుంది, ఎందుకంటే సగం సరిపోదు. అలాంటి కుటుంబాల్లో కౌంట్ తగ్గడమే కాక రక్త క్యాన్సర్ ముప్పు కూడా ఉందని 1999లో కనుక్కున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ ఐదులో తిరగాల్సింది రెండులో తిరుగుతోంది.

ఏర్పేడు_పీహెచ్‌డీ
సార్, రన్ఎక్స్1 విషయంలో మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ కోటదారి ఇంటి కేసులో సుబ్బు గారి ఆఫ్ బటన్ పోలికే దగ్గరగా ఉంది. పూర్తిగా ఆగాల్సింది ఆగలేదు.

రిటైర్డ్_జువాలజీ
పూర్తిగా ఆగుతుందా, బాగా తగ్గుతుందా? ఆ తేడా చిన్నది కాదమ్మా.

ఏర్పేడు_పీహెచ్‌డీ
బాగా తగ్గుతుంది. సరే సార్, రెగ్యులేటరే. సున్నా దగ్గరికి తిప్పాల్సినది మధ్యలో ఇరుక్కుపోయింది.

బంగారుపాళెం_తోతాపురి
మా మామిడితోట భాషలో అడుగుతా. తోతాపురి చెట్టులో ఆకుకూ కాయకూ ఒకే జాతి లక్షణం, అయినా ఆకు పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం పండుతుంది. ఇది కూడా ఈ లెక్కేనా?

ఏర్పేడు_పీహెచ్‌డీ
అదే లెక్క. పండడానికి కావాల్సిన జీన్లు ఆకులోనూ ఉన్నాయి, ఆకు ఆ పేజీ తీయదు.

అలిపిరి_మెట్టు
నాకొక డౌట్. ప్లేట్‌లెట్‌లో కేంద్రకం ఉండదని ఇంటర్‌లో చదివాం. డీఎన్‌ఏ ఉండే కేంద్రకమే లేనప్పుడు రక్తం తీసి జీన్ టెస్ట్ ఎలా చేశారు?

స్లైడు_మాస్టర్
తెల్లకణాల నుంచి తీస్తారు. ప్లేట్‌లెట్‌లోనూ లేదు, ఎర్రకణంలోనూ లేదు. రక్తంలో కేంద్రకం ఉన్నవి తెల్లకణాలే. వంశపారంపర్యంగా వచ్చిన అక్షరం ఒంట్లో కేంద్రకం ఉన్న ప్రతి కణంలో ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి తీసినా అదే దొరుకుతుంది. కొన్నిసార్లు చర్మం ముక్క కూడా అడుగుతారు, రక్తంలో తర్వాత వచ్చిన మార్పా, పుట్టుకతోనే ఉన్నదా అని తేల్చుకోడానికి.

ఏర్పేడు_పీహెచ్‌డీ
మెట్టు గారి ప్రశ్న ఇంకో మంచి చోటికి తీసుకుపోయింది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి కొత్తగా ఏ జీన్‌నూ చదవలేదు. వారం పది రోజులే బతుకుతుంది. ఆ పది రోజులకు కావాల్సిన ప్రోటీన్లూ, కొంత ఆర్‌ఎన్‌ఏ (జీన్‌ను చదివి తీసుకున్న నకలు) కూడా తల్లి కణమే మూట కట్టి పంపుతుంది. అందుకే ప్లేట్‌లెట్లలో తేడా కనిపిస్తే మేం చూసేది తల్లి కణంలో ఏం జరిగిందని.

పుత్తూరు_కట్టు
కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు ఊరగాయ జాడీ, మురుకుల డబ్బా కట్టిచ్చినట్టు. ఇక ఒక మాట, ఎముక మా పుత్తూరోళ్లది, మూలుగ మీదా? పంపకం సరిగ్గా జరగలేదు.

పాకాల_సుబ్బు
మురుకులు మీకిచ్చేస్తాం, మూలుగ వాళ్లకు వదిలేయండి కట్టు అన్నా.

తిరుచానూరు_వాసి
నేను అడిగిన దానికి జవాబు రాలేదు. తెలిసి ఏం లాభం?

పీలేరు_అమ్మ
నేను చెప్తాను అన్నా. మా బాబు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. నాలుగో రోజు రక్తంలో చెడ్డ కణాలున్నాయన్నారు, ల్యుకేమియా అనే మాట వినగానే నాకు కాళ్ల కింద నేల లేదు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయారు. అప్పుడు ఒక పిల్లల డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. డౌన్ పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా వస్తుందట. గాటా1 జీన్‌లో మార్పు వచ్చి పొట్టి ప్రోటీన్ తయారవుతుంది, ప్లేట్‌లెట్లు చేసే కణాలు ఎదగకుండా చిన్నతనంలోనే సంఖ్యలో పెరిగిపోతాయి. చాలామందిలో రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుందని చెప్పి, మందు పెట్టకుండా జాగ్రత్తగా చూస్తూ వచ్చారు. పదకొండో వారానికి పోయింది. నాలుగేళ్లు వచ్చేదాకా మూడు నెలలకొకసారి రక్తం చూపించుకోమన్నారు, కొందరిలో మళ్లీ నిజం ల్యుకేమియాగా వస్తుంది కాబట్టి. ఇప్పుడు వాడికి ఆరేళ్లు, తిరుపతిలో స్పెషల్ స్కూలుకు పోతున్నాడు. ఆ జీన్ పేరు తెలియకపోయి ఉంటే నాలుగు రోజుల పసివాడికి కీమో మొదలుపెట్టేవాళ్లేమో. నాకు ఆ పేరు దేవుడి పేరంత.

తిరుచానూరు_వాసి
అమ్మా, నాకు తెలియక అన్నాను. మీ బాబు చల్లగా ఉండాలి.

రిటైర్డ్_జువాలజీ
పీలేరు అమ్మ చెప్పిన గాటా1 ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందుకే పుట్టుకతో వచ్చే గాటా1 లోపం మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. 2000లో ఒక కుటుంబంలో చూసింది మరీ విచిత్రం. గాటా1 డీఎన్‌ఏను బాగానే పట్టుకుంటోంది, కానీ ఫాగ్1 చెయ్యి పట్టుకోలేకపోతోంది. ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. ఎర్రకణాలూ తగ్గాయి, ప్లేట్‌లెట్లూ తగ్గాయి. ఈ ఉద్యోగం ఇద్దరు కలిసి చేయాల్సింది.

అలిపిరి_మెట్టు
ఎర్రకణాలు ఎందుకు తగ్గాలి సార్? అది వేరే లైను కదా?

రిటైర్డ్_జువాలజీ
పుట్టిల్లు ఒకటే. ఎర్రకణానికీ మెగాకార్యోసైట్‌కూ ఒకే తల్లి కణం. గాటా1 ఇద్దరికీ కావాలి. దారి చీలే చోట కేఎల్‌ఎఫ్1 అనే ఇంకో పెద్దమనిషి గెలిస్తే ఎర్రకణం వైపు, ఫ్లై1 గెలిస్తే ప్లేట్‌లెట్ల వైపు. ఒకటి పైకి వస్తే రెండోదాన్ని అణచేస్తుంది. పాకాల జంక్షన్ దగ్గర పాయింటు మార్చినట్టు. సుబ్బుకు తెలుస్తుంది, వాళ్ల ఊరే కదా.

పాకాల_సుబ్బు
తెలుసు సార్. ధర్మవరం రైలు ఎక్కాల్సినవాణ్ణి కాట్పాడి రైలు ఎక్కి ఒకసారి చిత్తూరు దాకా పోయాను.

ఏర్పేడు_పీహెచ్‌డీ
సార్ ఎన్ఎఫ్ఈ2 గురించి కూడా చెప్తే బాగుండేది, నేనే చెప్తా. అది పనిచేయని ఎలుకలను 1995లో తయారు చేశారు. వాటి మూలుగ నిండా మెగాకార్యోసైట్లు ఉన్నాయి, పెద్దగా, డీఎన్‌ఏ పోగు చేసుకుని. రక్తంలో ప్లేట్‌లెట్లు మాత్రం దాదాపు సున్నా. పోగులు చాపడానికి కావాల్సిన జీన్లు, ముఖ్యంగా బీటా1 ట్యూబులిన్, చదవాలంటే ఎన్ఎఫ్ఈ2 కావాలి. నాకు ఈ ప్రయోగం మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. పిండి కలిపి, గొట్టంలో నింపి, నూనె కాగి, ఒత్తే చెయ్యి మాత్రం లేదు. కోటదారి వాళ్ల అమ్మగారి మూలుగలోనూ ఇలాంటిదే కొంచెం జరుగుతోంది. కణాలు ఉన్నాయి, ఒత్తే దశలో ఇబ్బంది.

రక్తదాత_ఓ_నెగటివ్
నేను ఏడాదికి నాలుగైదుసార్లు ప్లేట్‌లెట్లు ఇస్తుంటా. ఇచ్చిన సంచి ఐదు రోజులకే పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టరు, 22 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచుతారు. ఈ అక్కకు ఎక్కిస్తే సరిపోదా? మనలాంటోళ్లం వంతులవారీగా ఇస్తాం.

స్లైడు_మాస్టర్
మీ మనసు గొప్పది అన్నా. కానీ ఎక్కించినవి కొద్ది రోజులకు మించి నిలవవు, ఊరికే ఎక్కిస్తుంటే ఒంట్లో యాంటీబాడీలు తయారై, నిజంగా ఆపరేషన్ రోజున అవసరమైనప్పుడు పనిచేయకుండా పోతాయి. 55 వేలతో మామూలు జీవితానికి ఎక్కించే పని లేదు.

చంద్రగిరి_కోటదారి
ఇప్పుడు అసలు భయం అడుగుతా. రిపోర్టు చివర్లో రక్త క్యాన్సర్ ముప్పు గురించి రెండు లైన్లున్నాయి. అక్క ఆ పేజీ చదివి నిన్న రాత్రి అన్నం తినలేదు. జువాలజీ సార్ కూడా రన్ఎక్స్1లో ముప్పు ఉందన్నారు. ఇందులోనూ అంతేనా?

ఏర్పేడు_పీహెచ్‌డీ
ముప్పు ఉంది, దాచను. మామూలు జనం కంటే ఎక్కువ. కానీ ఈ మార్పు ఉన్న వాళ్లలో ఎక్కువ మందికి జీవితాంతం అలాంటిదేమీ రాదు. అమ్మ వయసెంత? మామ వయసెంత?

చంద్రగిరి_కోటదారి
అమ్మకు 54. మామకు 61. మామ ఇప్పటికీ పొద్దున్నే పొలానికి పోయి వస్తాడు.

ఏర్పేడు_పీహెచ్‌డీ
ఆ సంగతి అక్కకు చెప్పు. చేయాల్సింది ఏడాదికొకసారి రక్తం పూర్తిగా చూపించుకోవడం, తెల్లకణాలు, హిమోగ్లోబిన్ కూడా. అంకెల్లో కొత్త తేడా వస్తే మూలుగ చూస్తారు. ఇంకో ముఖ్యమైన మాట. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా మూలుగ మార్పిడి అవసరమైతే తోబుట్టువుల నుంచి తీసుకుంటారు. ఈ మార్పు ఉన్న తోబుట్టువు నుంచి తీసుకోకూడదు. అందుకే నీ కౌంట్ బాగున్నా నువ్వు కూడా టెస్ట్ చేయించుకో. తిరుచానూరు అన్నకు ఇది కూడా జవాబే.

స్లైడు_మాస్టర్
చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ బస్సులో గంట ప్రయాణం. 1986లోనే మూలుగ మార్పిడి చేసిన చోటు, రక్త జబ్బులకు పెద్ద విభాగం ఉంది. ఇక్కడి డాక్టరమ్మ రిపోర్టుతో ఒకసారి చూపించి రండి. పాత రిపోర్టులన్నీ, అమ్మ ప్లీహం కాగితాలతో సహా, ఒక ఫైలులో పెట్టి తీసుకుపోండి. వాళ్లకు అంకెల వరస చాలా ఉపయోగం.

రేణిగుంట_జంక్షన్
కౌంట్ పెంచే మాత్రలు వచ్చాయని విన్నా. అవి పనిచేయవా మరి?

ఏర్పేడు_పీహెచ్‌డీ
ఉన్నాయి. కాలేయం థ్రాంబోపోయెటిన్ అనే హార్మోన్ చేస్తుంది, మెగాకార్యోసైట్‌ను ఎదగమనేది అదే. 1994లో దొరికింది. ఆ హార్మోన్ చేసే పని చేసే ఎల్‌ట్రాంబోపాగ్ మాత్రకు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రకాల్లో ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు వాడి కౌంట్ పెంచుతున్నారు. అక్కకు సరిపడుతుందా లేదా అన్నది డాక్టరు చెప్పాలి, మనం ఇక్కడ చెప్పకూడదు. ఇప్పటికే ఎదగమనే సంకేతం ఎక్కువైన కణానికి మళ్లీ అదే సంకేతం ఏళ్ల తరబడి ఇవ్వడం నాకైతే జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం.

తిరుచానూరు_వాసి
అక్కకు పెళ్లయిందా?

చంద్రగిరి_కోటదారి
సంబంధం మాట్లాడుతున్నాం. పెద్దమ్మ ఈ రిపోర్టు బీరువాలో పెట్టేయమంటోంది.

రేణిగుంట_జంక్షన్
పెద్దమ్మ మాట వినండి. చెప్తే సంబంధం పోతుంది. మీ అమ్మగారికి ఇద్దరు పిల్లలు బాగానే పుట్టారు కదా.

పీలేరు_అమ్మ
అన్నా, దాచితే ఆమె కాన్పు రోజున ఎవరు చెప్తారు? మత్తు డాక్టరు వెన్నులో సూది వేసే ముందు కౌంట్ చూస్తాడు. ఆ నిమిషంలో అత్తగారింటికి తెలియడం కంటే ఇప్పుడు తెలియడం మేలు. నేను ఆస్పత్రి వరండాలో ఎన్ని కాపురాలు చూశానో.

అలిపిరి_మెట్టు
పిల్లలకు వస్తుందా?

ఏర్పేడు_పీహెచ్‌డీ
ప్రతి కాన్పులోనూ సగం సగం. రావచ్చు, రాకపోవచ్చు. కోటదారికి రాలేదు అనుకుంటున్నాం, అక్కకు వచ్చింది. వస్తే పుట్టిన బిడ్డ కౌంట్ ముందే చూసుకుంటారు.

పుత్తూరు_కట్టు
దాచొద్దు. కానీ కాగితం పంపొద్దు. ఎవరైనా మనిషి పోయి కూర్చుని చెప్పాలి. కాగితం మీద జబ్బు ఎప్పుడూ మనిషి కంటే పెద్దగా కనబడుతుంది.

చంద్రగిరి_కోటదారి
ఇంకొక చిన్న విషయం, నవ్వుకోకండి. అక్కకు తలనీలాల మొక్కు ఉంది. కళ్యాణకట్టలో కత్తి తగిలి రక్తం ఆగకపోతే ఎలా అని అమ్మ పదేళ్లుగా వాయిదా వేస్తోంది. 55 వేలతో పోవచ్చా?

స్లైడు_మాస్టర్
ఇందులో నవ్వడానికేముంది. ఆ కౌంట్‌తో చిన్న గాటు పడితే శుభ్రమైన గుడ్డతో ఐదు పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ముందు డాక్టరమ్మను అడిగి, కొత్త బ్లేడు వేయించుకుని, విషయం చెప్పి మెల్లగా చేయించుకోమనండి. పెద్ద జాగ్రత్త వేరే ఉంది. ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదు. ఉన్న కొద్ది ప్లేట్‌లెట్లను కూడా పనిచేయనివ్వవు.

చంద్రగిరి_కోటదారి
మామ దగ్గర ఆస్పిరిన్ ఉంది! గుండెకు మంచిదని ఎవరో చెబితే రోజూ వేసుకుంటున్నాడు.

స్లైడు_మాస్టర్
ఇప్పుడే ఫోన్ చెయ్యి నాయనా. డాక్టరుతో మాట్లాడేదాకా రేపటి మాత్ర వేసుకోవద్దని చెప్పు. గుండెకు స్టెంటు లాంటిది ఉంటే మాత్రం నీ అంతట నువ్వు ఆపించొద్దు, ఇవాళే డాక్టరును అడగాలి.

చంద్రగిరి_కోటదారి
స్టెంటు లేదు, గుండె జబ్బూ లేదు. ఫోన్ చేశా. పళ్లు తోముకునేటప్పుడు రెండేళ్లుగా రక్తం వస్తోందట, ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతున్నా.

అక్కకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఏర్పేడు అక్క రాసిన మురుకుల గొట్టం దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి వింది. "అయితే నా ఒంట్లో ఏదీ ఏదాన్నీ తినలేదా" అని అడిగింది. లేదమ్మా అన్నాను. పదిహేనేళ్లుగా తన రక్తం తననే తినేస్తోందని అనుకుంటూ బతికింది ఆమె. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అక్క ప్లేటులో అన్నం పెట్టింది, అక్క తినింది.

వచ్చే గురువారం వేలూరు పోతున్నాం, నలుగురం. నా టెస్ట్ కూడా అక్కడే.

పీలేరు_అమ్మ
తెల్లారి మొదటి బస్సుకు పోండి, టోకెన్ తొందరగా దొరుకుతుంది. దారిలో తినడానికి ఏమైనా కట్టుకోండి.

పాకాల_సుబ్బు
మురుకులు.

ఏర్పేడు_పీహెచ్‌డీ
నీ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయి తమ్ముడూ. ఎదురుచూస్తుంటాను.